ఎనక మునుము మాదమ్మా

మా పాటల టీచరు గారు పోయారు. పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి ఉండగా జగ్గయ్యపేట నుంచి ఫోను వచ్చింది. ఆవిడ తమ్ముడి కూతురు. "అక్కా, అత్తయ్య నిద్రలోనే వెళ్ళిపోయిందక్కా. ముందు నీకే చేసా" అంది. నేను "అలాగా, అలాగా" అంటూ నిలబడిపోయాను. పాలు పొంగి పొయ్యంతా పారాయి. పొయ్యి కట్టేశాను. కట్టేశానో లేదో అని మళ్ళీ చూశాను. చీర మార్చుకుని, తాళం వేసి, నాలుగడుగులు నడిచాక వెనక్కి వచ్చి ఇంకోసారి చూశాను. ఇలా చూసుకున్నదే చూసుకునే జబ్బు నాకు ఆవిడ నుంచే అంటుకుంది. పాట కూడా ఆవిడ నుంచే అంటుకుంది. రెంటిలో ఏది ఎక్కువ అంటుకుందో ఇప్పటికీ చెప్పలేను.

నందిగామలో బస్సెక్కి కూర్చున్నాక ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు. దాని బదులు ఒక భయం వచ్చి పక్కన కూర్చుంది. ఆవిడ మాకు నేర్పిన పాట ఒకటుంది. ఆ పాటలో ముందు పాడేవాళ్ళు ఆఖరి మాట పాడకూడదు. దాన్ని కొస అంటారు. కొస వదిలెయ్యాలి. పక్కవాళ్ళు అందుకోవాలి. ఎవరూ అందుకోకపోతే పాట అక్కడే ఆగిపోతుంది. ఆవిడ జగ్గయ్యపేట, అదే మా మాటలో పేట, వెళ్ళి స్థిరపడ్డ తర్వాత, నేను ఎప్పుడు వాళ్ళింటికి వెళ్ళినా కాలింగ్ బెల్ నొక్కేదాన్ని కాదు. గేటు దగ్గర నిలబడి ఆ పాట ఎత్తుకుని కొస వదిలేసేదాన్ని. లోపల వంటింట్లోంచి ఆవిడ అందుకునేవారు. మరి ఇవాళ? గేటు దగ్గర నేను నోరు తెరిస్తే ఏమవుతుంది? తెరవకుండా ఎలా లోపలికి వెళ్ళను? చిల్లకల్లు దాటేదాకా ఇదే ఆలోచన. పక్కసీటావిడ "ఏమ్మా, కడుపులో తిప్పుతోందా? కిటికీ పక్కకి వస్తావా?" అని అడిగింది కూడా.

ఆవిడ మా స్కూలుకి డెబ్బైల చివర్లో వచ్చారు. నేను చందర్లపాడు నుంచి రోజూ బస్సులో నందిగామ వచ్చి చదువుకునే పిల్లని. సంగీతం టీచరంటే పట్టుచీర, పెద్ద బొట్టు, గంభీరమైన గొంతు అని మేం ఎదురుచూస్తే, నూలుచీరలో సన్నగా, ఎప్పుడూ మెడ మీద చెయ్యి వేసుకుని, గోడ వారగా నడుచుకుంటూ ఈవిడ వచ్చారు. చంకలో చిన్న ఫ్లాస్కు. అందులో మిరియాలు వేసి కాచిన నీళ్ళు. క్లాసు గుమ్మం ముందు ఆగి, లోపలికి రాకముందు "మ్..." అని ఒక్కసారి గొంతు చూసుకునేవారు. ఆ తర్వాత తనలో తనే "ఉందిలే" అనుకునేవారు. మేం నోళ్ళు నొక్కుకుని నవ్వేవాళ్ళం. ఆవిడకి "ఉందిలే టీచర్" అని పేరు పెట్టింది మా బెంచీయే.

ఇంకో వింత ఏమిటంటే, పాట నేర్పేటప్పుడు ఆవిడ మా వైపు తిరిగేవారు కాదు. నల్లబల్ల వైపు తిరిగి పాడేవారు. మేం ఆవిడ జడని చూస్తూ సరళీ స్వరాలు నేర్చుకున్నాం. గొంతు మాత్రం, అబ్బ, ఎంత బాగుండేదో! అంత గొంతు పెట్టుకుని గోడకి వినిపించడమేమిటో మాకు అర్థమయ్యేది కాదు. ఒకరోజు నేనే ఉండబట్టలేక అడిగేశాను. "ఇటు తిరిగి పాడొచ్చు కదా టీచర్?"

"గొంతుకి తాళంచెవి మన దగ్గర ఉండదమ్మాయ్" అన్నారు. "అది తీస్తే తీసినట్టు, వేస్తే వేసినట్టు. అందరి ముందూ వేసేసిందనుకో, ఏం చెయ్యను?"

వేసేసింది కూడా, ఒకసారి. ఆ సంగతి మాకు మెల్లమెల్లగా తెలిసింది. ఆవిడ నాన్నగారు పేటలో పేరున్న వయొలిన్ విద్వాంసులు. ఊరంతా ఆయన్ని ఫిడేలు గారు అనేది. కూతురి మొదటి కచేరీ శ్రీరామనవమి పందిట్లో పెట్టించి, పక్కన తనే ఫిడేలు పట్టారు. వర్ణం సగంలో ఉండగా ఈవిడ గొంతు పూడుకుపోయింది. నోరు తెరిచే ఉంది, శబ్దం లేదు. మిగతా వర్ణమంతా ఆయన ఒక్కరే ఫిడేలు మీద వాయించి, మంగళం కూడా తనే వాయించేశారు. ఇంటికి వచ్చాక ఒక్క మాట అనలేదు.

"తిట్టినా బాగుండేది" అనేవారు ఆవిడ. "అదిగో, ఆ రోజు నుంచి నాన్న నన్ను పాడమని అడగలేదు. నేను వంటింట్లో కూనిరాగం తీస్తే ఆయన లేచి వీధిలోకి వెళ్ళిపోతారు."

అలాంటి మనిషికి మా హెడ్మిస్ట్రెస్ గారు ఒక పరీక్ష పెట్టారు. ఆ ఏడు చుట్టుపక్కల బడులన్నీ కలిసి పేటలో ఒక సత్రం హాల్లో సంగీత సభ పెట్టుకున్నాయి. పిల్లలతో పాటు సంగీతం టీచర్లూ పాడాలన్నారు. "మీ పోస్టు టెంపరరీ. కమిటీ వాళ్ళు మీరసలు పాడగలరా అని అడుగుతున్నారు. అక్కడ పాడండి, నేను మాట్లాడతా. పాడకపోతే నా చేతిలో ఏం లేదమ్మా" అన్నారట. ఉద్యోగం పోతే ఆవిడ మళ్ళీ పేట వెళ్ళి, ఆ మాట్లాడని ఇంట్లో కూర్చోవాలి. ఆవిడకి దానికంటే పెద్ద భయం లేదు. అప్పటినుంచీ ఫ్లాస్కు రెండయ్యాయి. "మ్..." అనడం గుమ్మం దగ్గరే కాదు, నడవలో, బస్టాండులో, ఎక్కడబడితే అక్కడ అయిపోయింది. "ఉందిలే" అనడం మానేశారు. అది మాకు నవ్వు తెప్పించలేదు.

ఆ రోజుల్లోనే మా అమ్మ ఒక ఆదివారం ఆవిడని భోజనానికి పిలిచింది. మధ్యాహ్నం రమ్మంటే, బస్సు దొరుకుతుందో లేదోనని మొదటి బస్సుకే చందర్లపాడులో దిగిపోయారు. మా అమ్మ ఇంకా ముగ్గేస్తోంది. "పర్లేదండీ, నేనో మూల కూర్చుంటా, నన్ను పట్టించుకోకండి" అంటూ మా అమ్మని ఇంకా కంగారు పెట్టేశారు. చివరికి ఇడ్లీ పళ్ళెం చేతికిచ్చి పెరటి అరుగు మీద కూర్చోబెట్టాం. పెరటి గోడ అవతల నుంచే మా మిరప తోట. మరియమ్మా, ఆమె జట్టూ కలుపు తీస్తున్నారు. మిరప సాళ్ళలో ఒక్కొక్కరూ ఒక్కో వరస పట్టుకుని వంగి ముందుకు సాగుతారు కదా, ఆ వరసని మునుము అంటాం. మరియమ్మ ముందు మునుము పట్టి పాట ఎత్తుకుంది.

"ముందు మునుము నేను పడితే, ఎనక మునుము..."

జట్టంతా ఒక్కసారి, "మాదమ్మా!"

"ముల్లు నాకు గుచ్చుకుంటే, నీళ్ళు తిరిగే కళ్ళు..."

"మావమ్మా!"

నేను పుట్టినప్పటి నుంచీ వింటున్న పాటే. నాకు అందులో వినడానికేమీ ఉండేది కాదు, కాకి అరిచినట్టే. కానీ టీచరు గారి చేతిలో ఇడ్లీ ముక్క అలాగే ఉండిపోయింది. పళ్ళెం అరుగు మీద పెట్టి, చెయ్యి కూడా కడుక్కోకుండా, గోడ పక్క దారిలోంచి తోట గట్టు మీదకి వెళ్ళి నిలబడ్డారు. వెనకాలే నేను. ఆవిడ చెయ్యి ఎప్పటిలా మెడ మీదే ఉంది. "వాళ్ళ నాన్నగారు వీటిని కలుపు కూతలంటారట కదా, ఇప్పుడు ఈవిడా ఏదో అంటుంది" అనుకున్నాను. ఆవిడ "మ్..." అనలేదు. గొంతు ఉందో లేదో చూసుకోలేదు. నేరుగా పాడేశారు. ఆ లైను మొత్తం, కొసతో సహా, "మాదమ్మా" దగ్గర చక్కటి గమకం ఒకటి వేసి మరీ.

తోటంతా గప్‌చిప్. వంగినవాళ్ళు లేచి నడుములు పట్టుకుని చూస్తున్నారు. ఆవిడ మొహంలో రక్తం లేదు. రామనవమి పందిరే గుర్తొచ్చిందో ఏమో.

మరియమ్మ చేతిలోని మట్టి దులుపుకుంటూ అంది. "ఏందండీ అమ్మగారూ! ముందు మునుమూ మీదే, ఎనక మునుమూ మీదేనా? మరి మేం ఇళ్ళకి పోవాలా?"

పొలమంతా నవ్వింది. టీచరు గారికి ఏం తప్పు చేశారో తెలియలేదు. మరియమ్మే గట్టు దగ్గరికి వచ్చి, "కొస వదలండమ్మా. కొస మీరే మింగేస్తే మేమేం పాడాలండీ? పాట చచ్చిపోద్ది" అంది.

మధ్యాహ్నం అన్నాల వేళ టీచరు గారు మరియమ్మని అరుగు మీదకి పిలిచి, "ఆ పాట మొత్తం ఒక్కసారి నాకు పాడి వినిపించు" అని బతిమాలారు. మరియమ్మ కూర్చుంది. కొంగు సర్దుకుంది. నోరు తెరిచింది, మూసింది. దగ్గింది. మళ్ళీ తెరిచింది. రాలేదు. పొలం మీద అంత గొంతు వేసే మనిషి, మా అరుగు మీద చెమటలు కక్కింది.

"నా వల్ల కాదండీ. నాకు బయం. ఒక్కరే పాడతారేందండీ, పిచ్చోళ్ళలాగా?"

"నీకూ భయమేనా?" అన్నారు టీచరు గారు.

"ఎనకాల ఎవురూ లేకపోతే ఎవురికి బయం కాదండీ?"

టీచరు గారు నవ్వడం నేను మొదటిసారి అప్పుడే చూశాను. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేశారు. మా అమ్మ మంచినీళ్ళకి పరిగెత్తింది. మరియమ్మ కంగారుపడి, "నేనేం అన్లేదమ్మా" అని మా అమ్మకి సంజాయిషీ చెప్పుకుంది.

ఆ తర్వాత ప్రతి ఆదివారం మొదటి బస్సుకి దిగిపోయేవారు. చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని మునుములో వంగేవారు. కలుపుకీ మిరప మొక్కకీ తేడా తెలిసేది కాదు. "అమ్మగారూ, అది మొక్కండీ! పెద్దాయన చూస్తే నన్నంటాడు!" అని మరియమ్మ అరిచేది. మా నాన్న గట్టు మీద నిలబడి పీకిన ప్రతి మొక్కకీ నిట్టూర్చేవాడు గానీ పైకి ఏమీ అనేవాడు కాదు. స్కూల్లో మాకూ ఆ పాట నేర్పారు. అది సభకి కాదు, ఊరికే. సభకి మాత్రం ఆ పాత వర్ణమే పాడతానన్నారు. "నాన్న వస్తారు. ఆయన ముందు కలుపు పాటేంటమ్మాయ్!" అన్నారు.

సభ రోజు మమ్మల్ని నందిగామ బస్టాండుకి ఎంత ముందుగా రప్పించారంటే, అప్పటికి ఊడ్చేవాళ్ళు కూడా రాలేదు. బస్సులో దారిపొడుగునా లారీలను చూస్తూ, "ఇవి అడ్డం పడితే ఎలా? ఆలస్యమైతే ఎలా?" అని గొణుగుతూనే ఉన్నారు. సత్రం దగ్గర దిగాక నా చెయ్యి పట్టుకున్నారు. "నాన్న రాకపోయినా బాగుండు. వస్తే బాగుండు" అన్నారు. ఆయన వచ్చారు. ముందు వరసలో, కండువా ఒళ్ళో మడిచి పెట్టుకుని, నేల చూస్తూ కూర్చున్నారు.

ఆవిడ వేదిక మధ్యలో, మేం పిల్లలం వెనకాల. వర్ణం ఎత్తుకున్నారు. బాగానే సాగింది. సగానికి వచ్చింది. ఆగిపోయింది. అదే చోటు అని ఆయన తల ఎత్తి చూడటంతోనే నాకు తెలిసింది. హెడ్మిస్ట్రెస్ గారు పక్కనున్న కమిటీ పెద్దమనిషి మొహం చూడలేక తన గాజులు చూసుకుంటున్నారు. నాకు లేచి పారిపోవాలనిపించింది.

అప్పుడావిడ సభకి వీపు పెట్టి, మా వైపు తిరిగారు. నల్లబల్ల వైపు తిరిగే మనిషి మొదటిసారి మా మొహాల్లోకి చూశారు. హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. సన్నగా, వణుకుతూ ఎత్తుకున్నారు.

"ముందు మునుము నేను పడితే, ఎనక మునుము..."

కొస వదిలేశారు. నేను అందుకోవాలి. ఆవిడ కళ్ళు నా మీదే ఉన్నాయి. ఆవిడ ఉద్యోగం, ఆవిడ నాన్న, ఆ పందిరి, అన్నీ ఆ ఒక్క మాట మీద ఆగి ఉన్నాయని నాకు తెలుసు. పద్నాలుగేళ్ళ పిల్లకి అంత బరువేంటండీ! మరియమ్మ మాట గుర్తొచ్చింది. పాట చచ్చిపోద్ది. నేను అరిచాను. పాడలేదు, అరిచాను. "మాదమ్మా!" నా పక్కన పిల్లలందరూ కలిశారు. ఆవిడ భుజాలు దిగాయి. రెండో చరణానికి గుమ్మం దగ్గర నిలబడ్డ జనం కూడా "మావమ్మా" అన్నారు. మూడో దానికి ఆవిడ మెల్లగా సభ వైపు తిరిగి పాడారు. చెయ్యి మెడ మీద లేదు.

చప్పట్లు బాగానే కొట్టారు. కానీ మాకు తనివి తీరలేదు, ఎందుకంటే ఫిడేలు గారు చప్పట్లు కొట్టలేదు. కండువా భుజాన వేసుకుని వెళ్ళిపోయారు. ఇది సంగీతమేనా అని కమిటీలో వాదులాడుకున్నారట. ఆ ఏడు ఆవిడని పర్మినెంటు చెయ్యలేదు, తీసెయ్యనూ లేదు. ఆ భయం ఇంకొన్నాళ్ళు అలాగే నడిచింది.

తిరుగు బస్సుకి టైముందని మమ్మల్ని వాళ్ళింటికి తీసుకెళ్ళారు. ముందు గది తలుపు వేసి ఉంది. "నాన్నకి కోపం వచ్చింది" అని గుసగుసగా చెప్పి, ఆవిడ వంటింట్లోకి వెళ్ళి మాకు పాలు కాస్తున్నారు. గ్లాసులు చేతిలో టకటకలాడుతున్నాయి. మేం వసారాలో కుక్కినపేనుల్లా కూర్చున్నాం. అప్పుడు తలుపు అవతల ఫిడేలు మోగింది. వర్ణం కాదు. ముందు మునుము నేను పడితే, ఎనక మునుము. అక్కడికి వచ్చి కమాను ఆగింది. మళ్ళీ మోగలేదు. ఎదురుచూస్తోంది.

వంటింట్లో గ్లాసుల చప్పుడు కూడా ఆగింది. ఎంతసేపని! నేనే అందుకుందామా అనుకున్నాను. అప్పుడు లోపల్నుంచి, పొయ్యి దగ్గర్నుంచి, అలవాటైన గమకంతో ఆవిడ గొంతు వచ్చింది. "మాదమ్మా."

ఫిడేలు గారు తలుపు తీశారు. "కొస దగ్గర గమకం వెయ్యకమ్మా. పచ్చిగా ఉండనీ" అన్నారు. పందిరి రోజు తర్వాత ఆయన కూతురితో పాట గురించి మాట్లాడిన మొదటి మాట అదే.

ఆ తర్వాత ఎనభైల్లో తండ్రీకూతుళ్ళిద్దరికీ అదే పిచ్చి. చందర్లపాడు మిరప తోటలకి, గరికపాడు వైపు పొలాలకి, ఎక్కడ ఎవరు పాడతారంటే అక్కడికి. ఆయన గట్టు మీద గొడుగు వేసుకుని ఫిడేలుతో కూర్చునేవారు. మొదట్లో ఏ రాగమో తేల్చాలని కుస్తీ పట్టి, తర్వాత వదిలేశారు. మరియమ్మ ఆయన్ని ఫిడేలు తాతగారు అనేది. ఆయన కొస వదిలినప్పుడల్లా కావాలనే ఒక్క క్షణం ఆగి, ఆయన కంగారు చూసి నవ్వి అప్పుడు అందుకునేది. టీచరు గారు బస్సులో పక్కసీటు వాళ్ళని కూడా వదిలేవారు కాదు. "మీ వైపు ఏం పాడుకుంటారండీ?" అని అడిగేవారు. ఒకసారి నేను "మీకు భయం పోయినట్టే కదా టీచర్" అంటే, "పోలేదమ్మాయ్. నలుగురికీ పంచుతున్నా, అంతే" అన్నారు.

మరియమ్మ పోయింది. ఫిడేలు గారు అంతకు ముందే పోయారు. టీచరు గారు రిటైరయ్యి పేట ఇంట్లోనే ఉండిపోయారు. నేను గేటు దగ్గర పాడటం, ఆవిడ వంటింట్లోంచి "మాదమ్మా" అనడం, వెంటనే బయటకి వచ్చి "సీటు దొరికిందా? పొయ్యి కట్టేసి వచ్చావా?" అని అడగడం, ఇన్నేళ్ళూ మా ఇద్దరి పలకరింపు ఇదే.

ఆ గేటు ముందు నిలబడ్డాను. షామియానా వేశారు. ప్లాస్టిక్ కుర్చీల్లో బంధువులు. వసారాలో ఆవిడని పడుకోబెట్టారు. మెడ మీద చెయ్యి లేదు. పాడకుండా లోపలికి వెళ్ళిపోదామనుకున్నాను. గేటు గడియ మీద చెయ్యి వేసి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాను. కళ్ళు మూసుకుని, ఎవరేమనుకుంటే అనుకున్నారు, ఎత్తుకున్నాను.

"ముందు మునుము నేను పడితే, ఎనక మునుము..."

అందరూ నా వైపు తిరిగారు. ఒకాయన కుర్చీలోంచి సగం లేచాడు. తమ్ముడి కూతురు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, తను అందుకోలేకపోయింది. ఎవరూ అనలేదు. నా భయమే నిజమైంది. ఇక్కడ ఆగిపోయింది పాట, ఇంక అయిపోయింది అనుకున్నాను. అప్పుడే ఏడుపు తన్నుకొచ్చింది.

"మాదమ్మా."

వంటింట్లోంచి. శ్రుతి కొంచెం పక్కకి పోయింది, గమకం లేదు, పచ్చిగా ఉంది. గిన్నెలు తోమే చప్పుడు ఆగింది. ఆ ఇంట్లో పని చేసే ఆవిడ, నేను వచ్చినప్పుడల్లా నవ్వడం తప్ప ఎప్పుడూ మాట్లాడని మనిషి, మోచేతుల దాకా తడితో గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చేతిలో గ్లాసు నుంచి నీళ్ళు కారుతున్నాయి. నన్ను చూసి, ఏం అనాలో తెలియక, ఆ ఇంట్లో రోజూ విన్న మాటే అడిగింది.

"పొయ్యి కట్టేసి వచ్చారామ్మా?"